పెద్ద యూనివర్సిటీయా, చిన్న క్యాంపసా? చెల్లి సీటు విషయంలో తేలట్లేదు

పల్నాడు_కుర్రోడు · సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది పిడుగురాళ్ల దగ్గర ఊరు. మా చెల్లి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఇంజినీరింగ్ వద్దని మొదటి నుంచీ మొండికేసింది. మార్కులు బాగా వచ్చాయి కాబట్టి ఇప్పుడు నాన్న కూడా ఏమీ అనట్లేదు. రెండు చోట్ల సీటు వచ్చేలా ఉంది. ఒకటి తిరుపతి ఐసర్‌లో (సైన్స్ చదువు, పరిశోధన కోసం పెట్టిన కేంద్ర సంస్థ) బీఎస్-ఎంఎస్. రెండోది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో (హెచ్‌సీయూ) ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ. చదువు రెండు చోట్లా బాగుంటుందని తెలిసినవాళ్లంతా చెప్పారు. ర్యాంకింగుల గొడవ ఇక్కడ మొదలుపెట్టకండి, దండం పెడతా.

నా ప్రశ్న వేరే. ఒకచోట ఏడాదికి కొన్ని వందల మందినే తీసుకుంటారు, అందరూ సైన్సే. ఇంకోచోట మొత్తం ఐదు వేలకు అటూ ఇటూ ఉంటారట. సైన్సు, ఎకనామిక్స్, తెలుగు, నాటకం, డాన్సు అన్నీ ఉన్నాయి. ఐదేళ్లు అక్కడే బతకాలి కదా. విద్యార్థులు ఎక్కువ ఉంటే ఏమిటి, తక్కువ ఉంటే ఏమిటి? రోజువారీ బతుకులో నిజంగా తేడా వస్తుందా? నేను చదివింది టౌన్లో డిగ్రీ కాలేజీ. సాయంత్రం బస్సెక్కి ఇంటికి రావడమే తప్ప హాస్టల్ సంగతి నాకు తెలీదు.

వాల్తేరు_వాసు · సోమవారం, రాత్రి 10.15

తమ్ముడూ, ఎంతమంది చదువుతున్నారు అని అడక్కు. రాత్రి ఎనిమిదింటికి క్యాంపస్‌లో ఎంతమంది ఉంటారు అని అడుగు. దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో లక్షల మంది చదువుతారు, క్యాంపస్ జీవితం మాత్రం ఉండదు. ఉస్మానియాకైనా, మా ఆంధ్రా యూనివర్సిటీకైనా కాగితం మీద కనిపించే అంకెలో అనుబంధ కాలేజీల పిల్లలే ఎక్కువ. ఢిల్లీ యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్ ఎన్నికల్లో లక్షమందికి పైగా ఓటర్లుంటారు. కానీ అక్కడ చదివినవాణ్ణి కదిపితే తన కాలేజీ కబుర్లు తప్ప ఇంకోటి చెప్పడు.

నేను ఏయూలో ఎమ్మే చేశా. క్లాసులో సగం మంది విశాఖలోనే ఇళ్లున్నవాళ్లు. ఆఖరి క్లాసు అవగానే బండి తీసి వెళ్లిపోయేవారు. మిగిలిన హాస్టల్ వాళ్లమే అసలు యూనివర్సిటీ అన్నమాట. రెండేళ్లు ఒకే బెంచీలో కూర్చున్న లోకల్ కుర్రాడి కంటే ఎదురు గదిలో ఉన్న కెమిస్ట్రీ వాడే నాకు ఎక్కువ తెలుసు.

మీ చెల్లికి రెండు చోట్లా హాస్టలే కాబట్టి పోల్చి చూడొచ్చు.

గూగుల్_గురువు · సోమవారం, రాత్రి 10.22

సింపుల్ బ్రో. మనిషి 150 మందికి మించి సంబంధాలు నిలుపుకోలేడని డన్‌బార్ అనే ఆయన సైంటిఫిక్‌గా తేల్చేశాడు. కాబట్టి చిన్న క్యాంపసే బెస్ట్. థ్రెడ్ క్లోజ్ చేసుకోవచ్చు.

మెస్_కార్యదర్శి_మాజీ · సోమవారం, రాత్రి 11.05

క్లోజ్ చేయకండి, నేను ఇప్పుడే వచ్చా.

సంఖ్య సంగతి తెలియాలంటే మెస్‌లోకి రావాలి. నేను మా హాస్టల్‌కి మెస్ సెక్రటరీగా చేశాను. ఆరు వందల మంది. కొత్తగా వచ్చిన ప్రతివాడూ అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, దోసెలు ఎందుకు వేయరు?" కూర్చోబెట్టి లెక్క చెప్పేవాణ్ణి. పెద్ద పెనం మీద ఒక వాయికి ఎనిమిది దోసెలు, వాయికి నాలుగు నిమిషాలు. అంటే గంటకు నూట ఇరవై. ఆరు వందల మందికి మనిషికి రెండు చొప్పున పన్నెండు వందల దోసెలు. ఒక్క పెనం అయితే పది గంటలు. టిఫిన్ టైము రెండు గంటలే కాబట్టి ఐదు పెనాలు, ఐదుగురు మాస్టర్లు, గ్యాసు, ఆ పైన లైన్లో గొడవలు. ఇడ్లీకి ఈ బాధ లేదు, ఆవిరి మీద ఒక్కసారే వందలు దిగుతాయి. ఉప్మా, పొంగలి కూడా అంతే. అందుకే పెద్ద హాస్టళ్లన్నింటిలో ఇడ్లీ, ఉప్మా, పొంగలి, మళ్లీ ఇడ్లీ. అది వంటవాళ్ల బద్ధకం కాదు, తలల లెక్క.

ఇక బిల్లు. మాది డివైడింగ్ పద్ధతి. నెల ఖర్చు మొత్తం కూడి, అందరూ తిన్న రోజులతో భాగిస్తే రోజుకు ఇంత అని వస్తుంది. బియ్యం, కూరగాయలు తినేవాళ్లను బట్టి తగ్గుతాయి. వంటవాళ్ల జీతాలు తగ్గవు. సంక్రాంతి నెలలో సగం హాస్టల్ ఖాళీ అవుతుంది, ఇళ్లకు పోలేని పీహెచ్‌డీ వాళ్ల నెత్తిన రోజు రేటు పెరిగి కూర్చుంటుంది. ఎనభై మంది ఉన్న చిన్న మెస్‌లో పదిహేను మంది ఒకేసారి మెస్ కట్ (కొన్నాళ్లు తినం, బిల్లు వేయొద్దు అని రాసివ్వడం) పెట్టినా బిల్లు కదులుతుంది. ఆరు వందల్లో పదిహేను మంది వెళ్లినా ఎవరికీ తెలీదు.

కానీ చిన్న మెస్‌లో ఒక సుఖం ఉంది. వంట మాస్టర్ మొహం గుర్తుపెట్టుకుంటాడు. నీకు ఉల్లిపాయ పడదంటే తీసిపెడతాడు.

అన్నట్టు వరంగల్ ఎన్‌ఐటీలో హాస్టళ్ల పేర్లే 1కే, 1.8కే. వెయ్యి మందిది, పద్దెనిమిది వందల మందిది. నది పేరో కవి పేరో పెట్టే ఓపిక కూడా లేనంత పెద్దవి. నాకైతే ఆ పేర్లలో నిజాయితీ నచ్చుతుంది.

పల్నాడు_కుర్రోడు · సోమవారం, రాత్రి 11.12

అన్నా దోసెల లెక్క అమ్మకి చదివి వినిపించా. చెల్లికి ఇడ్లీ అంటే పడదు. టెన్షన్ మొదలైంది ఇంట్లో.

గచ్చిబౌలి_గబ్బిలం · మంగళవారం, ఉదయం 1.30

ఎమ్మే, పీహెచ్‌డీ రెండూ హెచ్‌సీయూలోనే చేశాను. తలల లెక్కతో పాటు ఎకరాల లెక్క కూడా చూడాలి.

ఆ యూనివర్సిటీ 1974లో ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలైంది. తర్వాత గచ్చిబౌలిలో 2,300 ఎకరాలు ఇచ్చారు. కాలక్రమంలో అందులో కొంత వేరే అవసరాలకు పోయింది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద 2025లో జరిగిన గొడవ అందరూ చూసిందే. ఎంత పోయినా ఐదు వేల మందికి అది చాలా పెద్ద జాగా. అదే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ 66 ఎకరాల్లో ఉంటుంది. అక్కడ గదిలోంచి అడుగు బయటపెడితే ఎవరో ఒకరు ఎదురవుతారు. మా దగ్గర నార్త్ క్యాంపస్ నుంచి సౌత్ క్యాంపస్‌కి సైకిల్ మీద వెళ్తుంటే దారిలో మనుషుల కంటే నెమళ్లు ఎక్కువ కనపడిన రోజులున్నాయి.

అందుకే మా దగ్గర అందరూ కొన్ని చోట్లే పోగవుతారు. షాప్‌కామ్, గోప్స్ లాంటి టీ, టిఫిన్ అడ్డాలు. రాత్రి పూట షాప్‌కామ్ దగ్గర టీ పట్టుకుని కూర్చుంటే ఒక పక్క ఫిజిక్స్ వాళ్లు లెక్క మీద కొట్టుకుంటుంటారు, ఇంకో పక్క ఎవరో రేపటి ధర్నాకు పోస్టర్ రాస్తుంటారు, వెనకాల థియేటర్ వాళ్లు డైలాగులు అప్పజెబుతుంటారు. నా ఎమ్మే క్లాసులో మేము కొద్దిమందిమే. మాస్టారికి అందరి చేతిరాతా తెలుసు. అంటే తరగతిలో చిన్న కాలేజీ, టీ దగ్గరికొస్తే పెద్ద యూనివర్సిటీ. ఈ రెండూ ఒకేచోట దొరకడం అరుదు. పీజీ, పీహెచ్‌డీ వాళ్లు ఎక్కువ ఉన్న క్యాంపస్ కావడం దానికి ముఖ్య కారణం అనుకుంటా. ఇంటిగ్రేటెడ్‌లో చేరే పిల్లలకి మొదటి రెండేళ్లు ఈ వాతావరణం కొంచెం పెద్దవాళ్ల ఇంట్లో ఉన్నట్టు అనిపించొచ్చు, అది కూడా చెప్పాలి.

చిన్న_క్యాంపస్_శిరీష · మంగళవారం, ఉదయం 8.10

రెండో వైపు నేను చెప్తాను. నేను చదివిన సంస్థ పేరు చెప్పను. మా బ్యాచ్ వంద లోపే, మొత్తం క్యాంపస్ నాలుగు వందలు దాటదు.

అక్కడ ప్రేక్షకులు ఉండరు. నాటకం వేయాలంటే వేసేవాళ్లు దొరకాలి కదా, రాకపోయినా లాక్కెళ్తారు. నేను మొహమాటస్తురాలిని, స్టేజీ అంటే భయం. రెండో ఏడాదికల్లా నాటకంలో ఉన్నాను, లైబ్రరీ కమిటీలో ఉన్నాను, క్రికెట్ గురించి ఏమీ తెలియకుండానే స్కోరు రాశాను. పెద్ద యూనివర్సిటీలో అయితే ఆడిషన్ అనే మాట వినగానే గదికి వెళ్లి పడుకునేదాన్ని.

ఇంకోటి. ఒకసారి జ్వరం వచ్చి పొద్దున, మధ్యాహ్నం మెస్‌కి వెళ్లలేదు. సాయంత్రానికి మెస్ అన్న క్యారియర్లో చారన్నం పంపించాడు, వెంట మా జూనియర్ డోలో బిళ్లతో వచ్చింది. ఎవరికీ చెప్పలేదు నేను. రెండు పూటలు కనపడకపోతే తెలిసిపోతుంది అంతే. సరిగ్గా అదే దారిలో, నేను ఎవరితో సినిమాకి వెళ్లానో కూడా వార్డెన్ మేడమ్‌కి చేరింది. చారన్నం తెచ్చిన నోళ్లే ఆ కబురూ మోసుకెళ్లాయి. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు.

ఇక బ్రేకప్ అయిందా, చచ్చారే. మూడు పూటలా మెస్‌లో అదే మొహం. సెమిస్టర్ అయ్యేదాకా నేను మెస్ మూసే టైముకి వెళ్లి చల్లారిన సాంబారు తిన్నాను.

లెక్కల_మాస్టారు · మంగళవారం, ఉదయం 10.45

నేను పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నాను. గూగుల్ గురువు గారి డన్‌బార్ సంగతి ముందు. రాబిన్ డన్‌బార్ 1992లో కోతిజాతుల మెదడు పరిమాణానికీ, వాటి గుంపుల సైజుకీ ఉన్న సంబంధం చూసి, ఆ లెక్కన మనిషికి సుమారు 150 అని అంచనా కట్టాడు. దాని మీద వాదాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. సరే, నిజమే అనుకుందాం. కాలేజీలో 150 మందే ఉండాలని దానర్థం కాదు కదా. ఐదు వేల మందిలో ఉన్నా మీకు తెలిసేది ఆ వందా నూటయాభై మందే. వాళ్లు మీరు ఏరుకున్నవాళ్లా, మీకు తగులుకున్నవాళ్లా అన్నదే తేడా.

శిరీష గారు చెప్పిన స్కోరు రాసిన సంగతి మీద పాత పరిశోధన ఉంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే ఇద్దరు హైస్కూళ్లను గమనించి 1964లో ఫలితాలు అచ్చువేశారు. ముప్పై అయిదు మంది ఉన్న బడి నుంచి రెండు వేలు దాటిన బడి దాకా చూశారు. పెద్ద బళ్లలో రకరకాల కార్యక్రమాలు ఎక్కువే. కానీ బడి ఎన్ని రెట్లు పెద్దదైందో కార్యక్రమాలు అన్ని రెట్లు పెరగలేదు. అందుకని పెద్ద బడిలో ఎక్కువమంది చూసేవాళ్లుగా మిగిలిపోయారు. చిన్న బడిలో చేయడానికి మనుషులు చాలక, అంతంతమాత్రం వచ్చిన పిల్లలకి కూడా బాధ్యత ఉన్న పనులు దక్కాయి. తమని ఎవరో రమ్మంటున్నారు, తాము లేకపోతే పని ఆగుతుంది అన్న ఒత్తిడి కూడా చిన్న బళ్ల పిల్లలే ఎక్కువ చెప్పారు. అవి హైస్కూళ్లు, యూనివర్సిటీలు కావు, ఆ తేడా గుర్తుపెట్టుకుని చదవండి. నా ఇన్నేళ్ల సర్వీసులో చూసింది మాత్రం దానికి దగ్గరగానే ఉంది.

పెద్దవాటిని చిన్నవిగా విడగొట్టడం అనే ఉపాయం కూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో పాతిక వేలకు పైగా విద్యార్థులుంటారు, కానీ ముప్పైకి పైగా కాలేజీలుగా విడిపోయి ఉంటారు. భోజనం, గది, ట్యూటర్ అంతా ఆ కొన్ని వందల మంది కాలేజీలోనే. లైబ్రరీలు, ల్యాబులు మాత్రం పెద్ద యూనివర్సిటీవి. మన దగ్గర ఆ పని హాస్టలే చేస్తుంది, ఎవరూ అలా అని కట్టకపోయినా.

ఎన్08_నూజివీడు · మంగళవారం, మధ్యాహ్నం 1.20

మాస్టారూ, మా సంగతి ఏ పరిశోధనలోనూ దొరకదు. నేను నూజివీడు ట్రిపుల్ ఐటీ తొలి బ్యాచ్. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసర మూడూ ఒకేసారి మొదలయ్యాయి. పదో తరగతి మార్కుల మీద క్యాంపస్‌కు సుమారు రెండు వేల మందిని తీసుకున్నారు. ఆలోచించండి. రెండు వేల మంది, అందరికీ పదిహేనేళ్లు, దాదాపు అందరివీ పల్లెటూళ్లే, ఒక్క సీనియర్ కూడా లేడు. ర్యాగింగ్ చేసేవాడు లేడు, అది మంచిదే. పరీక్షకు ఏం చదవాలి, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే ఎన్ని రోజుల్లో తగ్గుతుంది, ఇవి చెప్పేవాడు కూడా లేడు. రాత్రి ఒక గదిలో ఒకడు ఏడుపు మొదలుపెడితే వరండా అంతా అందుకునేది.

అంతమందిలో పేర్లు పనికిరావు. సాయి అని పిలిస్తే ఇరవై మంది తిరుగుతారు. అందుకే ఐడీ నంబర్. ఎన్ అంటే నూజివీడు, 08 అంటే చేరిన ఏడాది, తర్వాత నాలుగంకెలు. ఇప్పటికీ పెళ్లి పిలుపు వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు పేరు కింద ఐడీ రాస్తాం, లేకపోతే "ఏ సాయి?" అని అడుగుతారు. బయటివాళ్లకి జైలు నంబర్లా అనిపిస్తుందేమో, మాకు అది ఇంటిపేరే.

సెక్షన్ ఉండేది కాబట్టి బతికాం. అరవై డెబ్భై మంది, అదే గది, అవే లాప్‌టాప్‌లు. మా సెక్షనే మా ఊరు. పక్క సెక్షన్ అంటే పొరుగూరు, కబడ్డీలో కొట్టుకునేవాళ్లం కూడా.

పెద్ద సంఖ్యకి ఇంకో బలం ఉంది. 2022 జూన్‌లో బాసరలో పిల్లలు పన్నెండు డిమాండ్లు పెట్టుకుని వానలో కూడా కూర్చున్నారు. వేలమంది. రోజుల తరబడి. మంత్రి వచ్చి మాట్లాడేదాకా లేవలేదు. నాలుగు వందల మంది ఉన్న క్యాంపస్‌లో అదే పని చేస్తే పేపర్లో జిల్లా ఎడిషన్ లోపలి పేజీ.

మెస్_కార్యదర్శి_మాజీ · మంగళవారం, మధ్యాహ్నం 1.35

వరండా అంతా అందుకునేది అన్నదగ్గర ఆగిపోయాను తమ్ముడూ.

రిచర్డ్‌సన్_రమ · మంగళవారం, సాయంత్రం 6.50

డాలస్ దగ్గర నుంచి. ఇక్కడ యూటీ డాలస్‌లో ముప్పై వేల దగ్గర విద్యార్థులుంటారు, కంప్యూటర్స్ మాస్టర్స్ వైపు వస్తే తెలుగువాళ్లకి కొదవ లేదు. నేను మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ మాట్లాడింది ప్రొఫెసర్‌తో, బస్సు డ్రైవర్‌తో మాత్రమే. గది తెలుగు, వంట తెలుగు, గ్రూప్ ప్రాజెక్ట్ తెలుగు. వినాయక చవితికి పత్రి కూడా దొరికింది. మా కజిన్ ఒక చిన్న ఊళ్లో చిన్న యూనివర్సిటీకి వెళ్లింది, అక్కడ మనవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఏడాది తిరిగేసరికి దాని స్నేహితుల్లో నేపాల్ అమ్మాయి, నైజీరియా అబ్బాయి, రూమ్‌మేట్ వాళ్ల అమ్మమ్మ కూడా ఉన్నారు. మొదటి చలికాలం మాత్రం ఫోన్‌లో రోజూ ఏడ్చింది. అంటే పెద్దచోట మనలాంటివాళ్లే దొరుకుతారు, వాళ్లతోనే ఉండిపోతాం. చిన్నచోట ఆ వెసులుబాటు లేదు కాబట్టి మారతాం.

చదువు వైపు ఇంకో సంగతి. నేను టీఏగా (ప్రొఫెసర్‌కి సాయంగా పేపర్లు దిద్దే టీచింగ్ అసిస్టెంట్) చేసిన కోర్సులో మూడొందల మంది పైమాట. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు టీఏలం ప్రశ్నలు పంచుకుంటాం. నాకు మూడో ప్రశ్న పడింది. మూడొందల మంది మూడో ప్రశ్నే దిద్దాను, స్క్రీన్ మీద, వరసగా. ఒక్కరి పేరూ చూడలేదు. ఒకడు మొదటి ప్రశ్న అద్భుతంగా రాసి మూడోది వదిలేశాడేమో, నాకు తెలిసే దారే లేదు. పీహెచ్‌డీకి రికమండేషన్ లెటర్ కావాల్సి వచ్చినప్పుడు ఆ పిల్లలు పడే పాట్లు చూశాను. ప్రొఫెసర్‌కి వాళ్లు ఎవరో తెలీదు. ఆఫీస్ అవర్స్‌కి వెళ్లి కూర్చున్న పదిమందికే మంచి ఉత్తరాలు. మీ చెల్లికి రీసెర్చ్ ఆలోచన ఉంటే ఈ ఒక్కటి మర్చిపోవద్దు.

ఇంకో చివర కాలిఫోర్నియాలోని కాల్‌టెక్. అక్కడ బీఎస్ చదివేవాళ్లు వెయ్యి మంది దగ్గరే. ఇన్విజిలేటర్ లేకుండా, పేపర్ గదికి తీసుకెళ్లి, పుస్తకం తీయకుండా టైము పెట్టుకుని రాసే పరీక్షలు వాళ్ల దగ్గర మామూలు. మాట మీద నిలబడతారన్న నమ్మకంతో నడిచే పద్ధతి అది. ముప్పై వేల మందితో అలా నడపమంటే నేనైతే ఒప్పుకోను.

వెనక_బెంచి · మంగళవారం, రాత్రి 9.00

చిన్న క్యాంపస్‌లో అందరూ అందరికీ తెలుసు అని మురిసిపోతున్నారు. ఎవరికి?

నేను మొదట చదివింది చిన్న సంస్థే, పేరు అనవసరం. మా బ్యాచ్‌లో తెలుగు మీడియం సర్కారు బడి నుంచి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎస్సీ కోటా అని మొదటి వారంలోనే అందరికీ తెలిసిపోయింది, చిన్నచోటు కదా. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. ల్యాబ్ పార్ట్‌నర్లను ఎంచుకోమంటే మాత్రం నేను మిగిలేవాణ్ణి, రెండు సెమిస్టర్లు. ఎవరితో చెప్పుకోవాలి? నాలాంటివాడు ఇంకొకడు ఉంటే కదా.

తర్వాత హెచ్‌సీయూకి వచ్చాను. అక్కడ 1990ల నుంచీ అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఉంది. దాంతో పాటు ఇంకా అన్ని రంగుల సంఘాలూ ఉన్నాయి, ఎన్నికలు జరుగుతాయి, రాత్రి మెస్‌లో క్యాంపెయిన్ ఉపన్యాసాలుంటాయి. అడ్మిషన్ లైన్లో నిలబడ్డప్పుడే ఒక అన్న వచ్చి "ఫామ్ నింపడం వచ్చా తమ్ముడూ?" అని అడిగాడు. ఆ సంఘంలో చేరాలా వద్దా అన్నది తర్వాత సంగతి, అడిగేవాడు ఒకడు ఉన్నాడు. అక్కడ సమస్యలు లేవని నేను చెప్పను, పేపర్లు చదివేవాళ్లకి తెలుసు. కానీ వందలో ఒక్కడిగా ఉండటం వేరు, ఐదు వేలల్లో యాభై మందిగా ఉండటం వేరు. శాతం ఒకటే. బతుకు ఒకటి కాదు.

చిన్న_క్యాంపస్_శిరీష · మంగళవారం, రాత్రి 9.25

ల్యాబ్ పార్ట్‌నర్ సంగతి... మా బ్యాచ్‌లోనూ అలా మిగిలిపోయిన అబ్బాయి ఒకతను ఉండేవాడు అన్నా. చారన్నం అతనికి ఎవరైనా పంపారో లేదో నాకు తెలీదు.

లెక్కల_మాస్టారు · మంగళవారం, రాత్రి 10.05

సంఖ్య ఎంత అన్నదానికంటే ఎంత తొందరగా పెరిగింది అన్నది ఎక్కువ బాధపెడుతుంది. కేంద్ర సంస్థల్లో ఇది రెండుసార్లు చూశాం. 2008లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఓబీసీ కోటా అమలైంది, జనరల్ సీట్లు తగ్గకుండా మొత్తం సీట్లను 54 శాతం పెంచమన్నారు. 2019లో ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడ్డవాళ్ల కోటా) పది శాతం వచ్చింది, అప్పుడు 25 శాతం. సీటు ఒక ఉత్తర్వుతో పెరుగుతుంది. హాస్టల్‌కి టెండరు, పునాది, స్లాబు, కరెంటు కనెక్షన్ అన్నీ కావాలి. నేను పనిచేసిన ఒకచోట ఇద్దరి గదిలో ముగ్గురు, ముగ్గురి గదిలో ఐదుగురు అయ్యారు. టీవీ గదిలో మంచాలు వేశారు. టీవీ గది పోయాక క్రికెట్ మ్యాచ్‌కి అందరూ ఒకచోట చేరడం కూడా పోయింది, ఎవడి ఫోన్‌లో వాడు. లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే పుస్తకాల సంచీ పెట్టి వెళ్లడం అప్పుడే మొదలైంది.

గూగుల్_గురువు · మంగళవారం, రాత్రి 10.11

అదిగో మాస్టారే ఒప్పుకున్నారు, అంతా రిజర్వేషన్ల వల్లే.

లెక్కల_మాస్టారు · మంగళవారం, రాత్రి 10.20

నేను రాసింది మళ్లీ చదువు నాయనా. పిల్లలు వచ్చారు, రావాల్సినవాళ్లే వచ్చారు. గదులు రాలేదు. రెండోసారి పదకొండేళ్ల వ్యవధి ఇచ్చినా అదే కథ. తప్పు వచ్చినవాళ్లదా, కట్టనివాళ్లదా?

నిర్వాహకుడు · మంగళవారం, రాత్రి 10.32

రిజర్వేషన్ల మీద వాదన కావాలంటే వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ ఇంకో కామెంట్ వస్తే తీసేస్తాను.

వాల్తేరు_వాసు · మంగళవారం, రాత్రి 10.50

కుర్రోడూ, ఇవన్నీ విన్నాక నా సలహా ఏంటంటే, చూడ్డానికి వెళ్లినప్పుడు మెయిన్ బిల్డింగ్ ముందు ఫొటో దిగి వచ్చేయకండి. మొదటి ఏడాది పిల్లలకి గదిలో ఎంతమంది అని వార్డెన్‌ని కాదు, పిల్లల్నే అడగండి. ఆదివారం సాయంత్రం అక్కడ ఏం చేస్తారు అని అడగండి. ఇంటికి పోతాం అంటే ఒక రకం, నిద్రపోతాం అంటే ఒక రకం, చెప్పడం మొదలుపెట్టి ఆపకపోతే ఇంకో రకం. మీ చెల్లి బ్యాచ్ ఎంత ఉంటుంది, ల్యాబులో ఒక బల్లకి ఎంతమంది అన్నది డిపార్ట్‌మెంట్‌లో అడగండి. మొత్తం యూనివర్సిటీ సంఖ్య వెబ్‌సైట్లో ఉంటుంది, దానితో మీకు పనిలేదు.

గచ్చిబౌలి_గబ్బిలం · బుధవారం, ఉదయం 2.05

చీకటి పడ్డాక అమ్మాయిలు క్యాంపస్‌లో ఎలా తిరుగుతారో కూడా చూడండి. జనం తక్కువ, జాగా ఎక్కువ ఉన్నచోట వీధి దీపాలు, షటిల్ బస్సు టైములు చాలా పెద్ద సంగతులు. సంఖ్య గురించి ఇంత మాట్లాడి మనం మగాళ్లం ఎవరం ఇది ఎత్తలేదు.

పల్నాడు_చెల్లెలు · బుధవారం, రాత్రి 8.15

నమస్తే అండీ. అన్న నా సీటు గురించి ఇక్కడ ఇంత చర్చ పెట్టాడని ఈ రోజే తెలిసింది. అన్నీ చదివాను.

నేను ఇంటర్ చదివింది రెసిడెన్షియల్ కాలేజీ. ప్రతి వారం పరీక్ష, ర్యాంకుల లిస్టు మెస్ గుమ్మం పక్కనే అంటించేవారు. అన్నం తినడానికి వెళ్తూ అందరూ అందరి ర్యాంకూ చూసేవాళ్లు. మూడు పెరిగితే కంగ్రాట్స్, మూడు తగ్గితే "ఏమైంది?" అని. మంచికే అడిగేవాళ్లు. నాకు మాత్రం ఎవరికీ తెలియని చోట కొన్నాళ్లు ఉండాలని ఉంది. శిరీష అక్క చెప్పిన చారన్నం బాగుంది, కానీ ఇప్పుడే వద్దు నాకు.

ఒక్క సందేహం. హెచ్‌సీయూలో సైన్స్ వాళ్లు నాటకం, సాహిత్యం వైపు క్లాసులకి వెళ్లి కూర్చోవచ్చా?

చిన్న_క్యాంపస్_శిరీష · బుధవారం, రాత్రి 8.30

చెల్లీ, నీకు హెచ్‌సీయూనే. మొదటి జ్వరానికి మాత్రం పక్క గది అమ్మాయికి నువ్వే చెప్పాలి, ఎవరూ కనిపెట్టరు. అది గుర్తుపెట్టుకో.

గచ్చిబౌలి_గబ్బిలం · బుధవారం, రాత్రి 11.40

క్రెడిట్లకి ఏవి ఒప్పుకుంటారో నీ కోర్సు రూల్స్ చూడాలమ్మా, అడ్మిషన్ రోజే అడుగు. నాటకాల రిహార్సల్ చూడ్డానికీ, సాయంత్రం జరిగే సెమినార్లలో వెనక కూర్చోవడానికీ మా రోజుల్లో ఎవరూ ఎవరినీ ఆపలేదు. పిడుగురాళ్లలో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే లింగంపల్లిలో దిగొచ్చు, అక్కణ్ణుంచి క్యాంపస్ ఎంతో దూరం లేదు.

పల్నాడు_కుర్రోడు · గురువారం, ఉదయం 7.20

అందరికీ థాంక్స్. చెల్లి దాదాపు తేల్చేసుకుంది, నాన్న మాత్రం రెండూ చూశాకే అంటున్నారు. వచ్చే వారం ముందు తిరుపతి ఐసర్ ఉన్న ఏర్పేడు వెళ్తున్నాం. చెల్లి మనసు మారుతుందని కాదు, పనిలో పని శ్రీకాళహస్తి దర్శనం కూడా అయిపోతుందని అమ్మ పట్టు.